కాన్పుల గది బయట

ఫిబ్రవరి 10, సోమవారం

కాన్పుల గదిలో డ్యూటీ మొదలైంది. గదిలో అని అలవాటుగా రాశాను. మా బ్యాచ్ ఆడపిల్లలు లోపలికి వెళ్ళారు. నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను.

ఈ ట్రస్టు దవాఖానలో కాన్పుల గది హెడ్ నర్సు ప్రమీలాదేవి మేడం చేతిలో ఉంటుంది. నన్ను చూడగానే, "వయసెంత?" అన్నారు. ముప్పై నాలుగు అని చెప్పాను.

"గీ వయసుల బీఎస్సీ నర్సింగా! సరే, నాకేం పంచాది లేదు. కానీ లోపలికి రావాల్నంటే పేషెంటు తరఫోళ్ళు ఒప్పుకోవాలె. నువ్వే అడుగు. నేనడిగితే నాతోని లొల్లి పెట్టుకుంటరు," అన్నారు.

ముగ్గురి తరఫు వాళ్ళను అడిగాను. ముగ్గురూ వద్దన్నారు.

పది కాన్పులు నా చేతులతో చేసి మేడం సంతకం తీసుకుంటేనే ఈ సెమిస్టర్ పరీక్షకు కూర్చోనిస్తారు. పరీక్షలు గట్టెక్కితేనే డిగ్రీ, డిగ్రీ ఉంటేనే నర్సుగా రిజిస్ట్రేషన్.

ఫిబ్రవరి 11, మంగళవారం

బెంచీ.

ఫిబ్రవరి 13, గురువారం

ఈ రోజు ఒకతను మర్యాదగానే మాట్లాడాడు. ట్రాక్టరు నడుపుతాడట. భార్య లోపల నొప్పులు పడుతోంది.

"అన్నా, నేను నర్సింగ్ స్టూడెంటును. కాన్పు టైముల మీ ఇంటామె దగ్గర ఉంటా అంటే..."

"నర్సా? నువ్వా?" అని నా బూట్ల దాకా చూశాడు. "లోపట ఆడోళ్ళు లేరా?"

"ఉన్నరు. నేను నేర్చుకునేటోణ్ణి."

"నేర్చుకునుడు మా దాని మీదనేనా? ఊకో అన్నా. మంచోని లెక్కనే ఉన్నవు. మొగోనికి గీ పనెందుకు చెప్పు?"

ఆ తర్వాత కాసేపటికి డ్యూటీ డాక్టరు వచ్చాడు. మగవాడే, పాతికేళ్ళుంటాయేమో. ట్రాక్టరతను చప్పున లేచి చేతులు జోడించాడు. "జర మంచిగ చూడుండ్రి సార్" అని తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

ఇదంతా హర్షిణి చూసింది. మా క్లాసులో అందరికన్నా వాగుడుకాయ. "నాగేశన్నా, నువ్వు గడ్డం గీకి చీర కట్టుకోని రా. కొంగు నేను సర్దుత," అంది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం వాళ్ళు గుండ్రంగా కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు. ఒకరి కూర ఒకరు వేసుకుంటారు. నేను నీళ్ళ ట్యాంకు వెనక తింటాను, అక్కడ నీడ బాగుంటుంది.

గదికి వచ్చి ఖర్చులు రాసుకున్నాను. ఈ పుస్తకంలో ముందు నుంచి ఖర్చులు, వెనక నుంచి ఇది. రెండూ ఎక్కడ కలుస్తాయో చూడాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

భివండీ నుంచి బాలలక్ష్మక్క ఫోను చేసింది.

"ఏం తిన్నవురా?"

"పప్పు."

"ఎప్పుడు జూసినా పప్పేనా? మా పక్కింటోళ్ళకు చెప్పిన, మా తమ్ముడు సిద్దిపేటల డాక్టరు కోర్సు చదువుతుండని."

"నర్సు కోర్సక్కా."

"ఎరుకేరా. నర్సంటే పిల్లనియ్యరు గదా, గందుకే అట్ల చెప్పిన."

అక్క వెనకాల మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా బాపు పోయేదాకా నేసింది కూడా ఆ కార్ఖానాలోనే.

సాయంత్రం నుంచి, బిడ్డ పుట్టాక పడే మాయ గురించి చదివాను. ఇంగ్లీషు పుస్తకంలో తెలియని మాటల కింద గీతలు గీసి, డిక్షనరీ చూసి, తెలుగులో నా మాటల్లో రాసుకుంటాను. ఓపెన్ ఇంటర్ కూడా ఇట్లాగే గట్టెక్కాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

నిన్న మబ్బు పట్టి యూనిఫారం ఆరలేదు. ల్యాబుకు వేసుకునే పొడుగు తెల్లకోటు చొక్కా మీద తొడుక్కుని వెళ్ళాను.

బెంచీ దగ్గరికి చేరకముందే ఒక పెద్దామె ఎదురొచ్చింది. "సారూ, నా కోడలు బాగ వొర్లుతుంది. జెల్ది పోయి చూడుండ్రి," అంటూ తలుపు తనే తీసి పట్టుకుంది.

వెళ్ళాను.

మేడం నా చేతుల మీద తన చేతులు పెట్టారు. "తల ఉరుకుతది. ఉరుకనియ్యకు. అరచేత్తోని ఆపు. మెల్లగ. ఆమెను ఊపిరి తీసుకోనియ్యి." కోర్సుకు రాకముందు నా ఈ చేతులు సుధాకర్ డాక్టరు గారి నర్సింగ్ హోంలో పన్నెండేళ్ళు నరాలు వెతికాయి, కట్లు కట్టాయి. తనిఖీ వాళ్ళు వచ్చిన రోజుల్లో మాత్రం మందుల గదిలో ముడుచుకుని కూర్చునేవి, రిజిస్ట్రేషన్ లేని చేతులు కాబట్టి. అన్నేళ్ళలో ఇంత వెచ్చటి బరువును ఎప్పుడూ పట్టుకోలేదు. మగపిల్లవాడు. ఏడ్చాడు. సింకు దగ్గరికి వెళ్ళి నల్లా తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

చేతులు తుడుచుకుంటుంటే మేడం అడిగారు. "ఒప్పుకున్నరా?"

"ఆమెనే లోపలికి పొమ్మన్నది మేడం."

అది అబద్ధం కాదు.

ఫిబ్రవరి 19, బుధవారం

యూనిఫారం ఇంకా ఆరలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

ఆరలేదు. ఇంకో కాన్పు. ఆడపిల్ల.

మార్చి 3, సోమవారం

నా సంతకాల పేజీ సగం నిండింది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటున్నాను.

హర్షిణి నీళ్ళ ట్యాంకు వెనక్కి వచ్చింది. "బయట పెనం లెక్క కాలుతుంది. నీ యూనిఫారం ఏ బాయిల ఆరేసినవన్నా?"

"గుడ్డ మందమమ్మా."

నిజంగానే మందం.

ఆ పిల్ల నవ్వలేదు. "మేడంకు చెప్పనులే. వాళ్ళకు వాళ్ళే డాక్టరనుకుంటే నువ్వేం చేస్తవ్?" అంది. తన డబ్బాలోంచి రెండు బెండకాయ ముక్కలు నా మూత మీద వేసి వెళ్ళిపోయింది.

నేనూ అదే అనుకుంటున్నాను. నేను డాక్టరునని ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్తాను. ఎవరూ అడగలేదు.

మార్చి 11, మంగళవారం

అక్కన్నపేట నుంచి రాములవ్వ అనే పెద్దామె తన కూతురు ప్రియాంకను తీసుకొచ్చింది. తొలి కాన్పు. అల్లుడు దుబాయిలో ఉన్నాడు. రాములవ్వకు అందరి మీదా అనుమానమే. సూది ఎందుకంటుంది, సెలైను ఎందుకంటుంది. నన్ను చూశాక కాస్త నెమ్మదించింది.

"పెద్దమనిషి లెక్కున్నడు. ఈ సారుంటెనే నా బిడ్డను లోపలికి పంపుత. గీ పోరిలతోని నాకు భయమైతది," అంది మేడంతో. పోరీలు మూతులు తిప్పారు. మేడం నా కోటు వంక చూసి, తల తిప్పుకుని, "దా నాగేశ్," అన్నారు.

ప్రియాంక ఏమీ మాట్లాడలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టు పట్టుకుంది. ఇప్పుడు చూసుకుంటే గోళ్ళ గుర్తులున్నాయి. పదకొండింటికి ఆడపిల్ల పుట్టింది. నేను చేసినవాటిలో ఏడో కాన్పు.

బయటికి వస్తుంటే రాములవ్వ సంచిలోంచి సర్వపిండి తీసి, కాగితంలో చుట్టి నా కోటు జేబులో పెట్టింది. "తినుండ్రి సారూ. మొకం జూస్తే ఇంట్ల వండిపెట్టేటోళ్ళు లేనట్టే ఉన్నది."

బస్టాండు దగ్గర కూర్చుని తిన్నాను. ఇంకొకరి చేతి వంట తిని చాలా రోజులైంది.

మార్చి 12, బుధవారం

రెండింటికి కాలేజీలో క్లాసు. బయల్దేరుతుంటే వరండాలో రాములవ్వ ఆపింది. ప్రియాంకకు రక్తంతో బట్టలు బాగా తడుస్తున్నాయట. "మామూలే అవ్వా, రెండు రోజులు అట్లనే ఉంటది," అన్నాను. క్లాసుకు సమయానికే అందుకున్నాను. పల్లెల్లో తాగునీటి శుద్ధి గురించి చెప్పారు.

మార్చి 13, గురువారం

గేటు దగ్గరే హర్షిణి చెప్పింది. నా ముఖం చూడకుండా చెప్పింది.

నిన్న నాలుగింటికి మేడం వార్డుకు వెళ్ళి, రక్తం ఎట్లా పోతోందని అడిగారట. "డాక్టర్ సాబ్ చూసిండు. మామూలే అన్నడు," అని రాములవ్వ చెప్పిందట. మేడం సరేనని పక్క మంచానికి వెళ్ళారట. ఆరింటికి ప్రియాంక బాత్రూంలో పడిపోయింది. మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయింది. థియేటర్లోకి తీసుకెళ్ళి తీశారు, రక్తం ఎక్కించారు. ఇప్పుడు ఫర్వాలేదట. బిడ్డకు పాలు కూడా పట్టిందట.

డాక్టర్లెవరూ ఆ మాట అనలేదన్నారు. డ్యూటీ డాక్టరు అందరి ముందూ రాములవ్వ మీద అరిచాడట. "ఏ డాక్టరు చూసిండు? నువ్వు చెప్పకుండ ఊకొని ఇప్పుడు మా మీద తోస్తున్నవా?" దుబాయి నుంచి అల్లుడు ఫోనులో తిట్టాడట.

"అవ్వ ఏమన్నది?" అని అడిగాను.

"మా సారొస్తే చెప్తడు అంటుందన్నా. పొద్దటి సంది అదే మాట."

డ్యూటీకి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పి గదికి వచ్చాను. తలనొప్పి నిజమే.

మార్చి 14, శుక్రవారం

హోలీ. సెలవు. గది అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి నా చెంపకు కాస్త రంగు రాసి, "బయటికి రావయ్యా, ఎప్పుడు గా పుస్తకాలేనా," అన్నాడు. వస్తానన్నాను.

బియ్యం ఏరాను. ఏరిన బియ్యం మళ్ళీ ఏరాను.

పది అడుగులు వెనక్కి వెళ్ళి ఆ బట్ట చూస్తే తెలిసిపోయేది. లేదంటే మేడంకు ఒక్క మాట చెప్పాల్సింది. సుధాకర్ డాక్టరు గారి దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా అట్లా అడిగితే పరుగెత్తి సిస్టరును పిలిచేవాణ్ణి. అప్పుడు నేనేమీ కాదు కాబట్టి పరుగెత్తేవాణ్ణి. మొన్న నడుస్తూ జవాబు చెప్పాను. డాక్టర్లు నడుస్తూ చెప్తారు.

నేను డాక్టరునని ఎవరికీ చెప్పలేదు.

ఈ మాట ముందే రాశాను.

ఇంకా మూడు కాన్పులు చేస్తే చాలు. డ్యూటీ ఇంకో ఊరికి మార్పించుకోవచ్చు. అడిగితే కాలేజీ వాళ్ళు మారుస్తారు. వారం గడిస్తే రాములవ్వ వాళ్ళు ఇంటికి వెళ్ళిపోతారు. ముసలామె ఏదో పొరబడిందని అందరూ అనుకుంటారు. ఇప్పటికే అనుకుంటున్నారు.

అన్నం వండలేదు.

మార్చి 15, శనివారం

కోటు వేసుకోకుండా వెళ్ళాను.

వార్డులో మేడం, డ్యూటీ డాక్టరు ఇద్దరూ ఉన్నారు. నన్ను చూడగానే రాములవ్వ మంచం దగ్గర్నుంచి లేచింది. "వచ్చిండు! గీ సారే! చెప్పుండ్రి సారూ, నేను మీతోని చెప్పిన్నా లేదా? నన్ను దొంగదాన్ని చేస్తున్నరు."

"చెప్పింది," అన్నాను. "బుధవారం మధ్యాహ్నం వరండాల చెప్పింది. నేను చూడకుండ మామూలే అన్న. మేడంకు కూడ చెప్పలే. తప్పు అవ్వది కాదు, నాది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వా? ఏమమ్మా, ఈయన డాక్టరని ఎవరన్నరు నీకు? నర్సింగ్ స్టూడెంటు!"

రాములవ్వ నన్నే చూసింది. "నువ్వు డాక్టరు కాదా?"

"కాదవ్వా. నర్సు కోర్సు చదువుతున్న. ఇంకా నర్సును కూడ కాలే."

"మరి గప్పుడే చెప్తే ఏమైతుండె?"

"లోపలికి రానియ్యకపోతుంటివి."

కాస్త ఆలోచించింది. "నిజమే. రానియ్యకపోతుంటి," అంది. బిడ్డను తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

వరండాలో మేడం ఆగారు. "నీ కోటు నేను చూడలేదనుకున్నవా? మొదటి దినమే చూసిన. పనిమంతుడు దొరికిండని ఊకున్న. ఆ దినం నేనన్న దుప్పటి ఎత్తి చూడాలె, చూడలే. నాది నేను రాసిస్త. నీది నువ్వు రాసియ్యి."



మార్చి 17, సోమవారం

ప్రిన్సిపాలు మేడం రెండు కాగితాలూ చదివారు. మాయ ముక్క ఉండిపోవడం ఒక్కోసారి జరుగుతుందన్నారు. అడిగినప్పుడు చూడకపోవడం వేరే అన్నారు. కోటుతో చేసిన ఏడు కాన్పులూ కొట్టేశారు. నాకు ఈ సెమిస్టర్ కాన్పుల పరీక్ష లేదు. ఆగస్టులో మళ్ళీ మొదటి నుంచి డ్యూటీ.

"చదువు ఆపుతవా?" అని అడిగారు.

"ఆపను మేడం," అన్నాను. నా నోట్లోంచి వచ్చాకే ఆ మాట నాకూ తెలిసింది.

అక్క ఫోను చేస్తే పప్పే తిన్నానని చెప్పాను.

మార్చి 18, మంగళవారం

ప్రియాంకను ఇంటికి పంపారు. రాములవ్వ మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు సంచీలు మోయడానికి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, వెళ్ళాను.

ప్రియాంక మంచం మీద బిడ్డకు టోపీ కడుతోంది. రక్తం పోయి ముఖం ఇంకా పాలిపోయే ఉంది. నేను క్షమించమని అడగబోతుంటే తనే అంది.

"నువ్వు డాక్టరు కాదని నాకు గప్పుడే ఎరుకన్నా."

"ఎట్ల?"

"ఆ పొట్టి పిల్ల నిన్ను నాగేశన్నా, నాగేశన్నా అని ఒకటే పిలుస్తుండె. డాక్టర్ను ఎవరన్న అట్ల పిలుస్తరా?"

"మరి మీరు చెప్పలే."

"నన్నెవలడిగిన్రు? మా అవ్వ మేడంను అడిగె, మేడం నిన్ను పిలిచె. నొప్పులు నాయి." టోపీ దారం ముడివేసింది. "అడుగుతే ఉండుమంటుంటి. చెయ్యి ఇడిపించుకోకుండ నిలవడ్డవు. గా తర్వాతనే, అవ్వ అడిగితే చూడకుండ పోతివి. గది మాత్రం నేను మర్వను."

"మర్వకుండ్రి," అన్నాను.

సంచీలు ఆటో దాకా మోశాను. రాములవ్వ ఒక సంచీ నా చేతిలోంచి తీసుకుని, ఇంకోటి తీసుకోలేదు.

ఆ బెంచీ మీద కూర్చున్నన్ని రోజులూ అత్తలను అడిగాను, మొగుళ్ళను అడిగాను, తల్లులను అడిగాను. మంచం మీది మనిషిని ఒక్కసారీ అడగలేదు. ఆ గది తలుపు వాళ్ళదే అనుకున్నాను.

మార్చి 30, ఆదివారం

ఉగాది. ఇంటాయన భార్య పచ్చడి గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. గ్లాసు కడిగి తిరిగి ఇచ్చాను.

జూన్ 9, సోమవారం

మా బ్యాచ్ కాన్పుల పరీక్ష ఈ రోజు. నేను నా గదిలోనే ఉన్నాను. పరీక్షయ్యాక హర్షిణి ఫోను చేసి ప్రశ్నలన్నీ చదివి వినిపించింది. అన్నిటికీ జవాబులు చెప్పాను. "నువ్వు రాసుంటే పాసే అన్నా," అంది. తర్వాత ఫోను పెట్టేసింది.

ఆగస్టు 4, సోమవారం

మళ్ళీ కాన్పుల గది. ఈసారి బ్యాచ్ లేదు, నేనొక్కణ్ణే. ప్రమీలాదేవి మేడం, "బెంచీ మీద కూసోకు. నొప్పుల వార్డుకు పో. నువ్వెవరో చెప్పి వాళ్ళనే అడుగు. తర్వాతనే బయటోళ్ళను," అన్నారు.

ఇద్దరిని అడిగాను. ఒకామె తల అడ్డంగా ఊపింది. ఇంకొకామె ముఖం మీదికి చెంగు లాక్కుంది. సరేనమ్మా అని వచ్చేశాను.

ఆగస్టు 5, మంగళవారం

వద్దన్నారు.

ఆగస్టు 6, బుధవారం

వద్దన్నారు. నేను నర్సునని చెప్తే ఒకామె నొప్పుల్లో కూడా నవ్వింది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వార్డు సగం ఖాళీ. ధూళిమిట్ట నుంచి సుచిత్ర అనే ఆమె వచ్చింది. రెండో కాన్పు. మంచం పట్టీ పట్టుకుని వంగి నిలబడి ఉంది.

"అమ్మా, నేను డాక్టరును కాదు. నర్సు కోర్సు చదువుతున్న. మీరు ఒప్పుకుంటేనే దగ్గరుంట," అన్నాను.

నొప్పి వచ్చింది. అది పోయేదాకా కళ్ళు మూసుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను.

"నర్సువా?"

"అవునమ్మా."

"అయితే నడుము రుద్దు. డాక్టర్లు వచ్చి చూసిపోవుడే గానీ ఒక్కలన్న రుద్దరు."

తలుపు దగ్గర వాళ్ళత్త, "అయ్యో, మొగోడే!" అంది.

"అత్తమ్మా, నువ్వు రుద్దుతవా? చేతులు గుంజుతున్నయని కూసుంటివి గదా. జర ఊకో," అంది సుచిత్ర.

రుద్దాను. ఇంకా కిందికి అంటే కిందికి, గట్టిగా అంటే గట్టిగా. మధ్యలో చేయి మార్చుకుంటే, "గా చెయ్యే మంచిగుండె," అంది. వాళ్ళ పెద్దవాడు బడికి పొమ్మంటే ఎట్లా దాక్కుంటాడో చెప్పింది. నాకు పెళ్ళయిందా అని అడిగింది. కాలేదంటే, "మంచిగ రుద్దుతవు, ఎవలన్న పిల్లనిస్తరు తీయి," అంది. వాళ్ళత్త కూడా నవ్వింది. మధ్యాహ్నమంతా ఇట్లాగే గడిచింది.

మూడింటికి బిడ్డ గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. నేనే విన్నాను. మళ్ళీ విని, పరుగెత్తి మేడంను పిలిచాను. డాక్టరమ్మ చూసి ఆపరేషను చేయాలన్నారు.

స్ట్రెచరు తోస్తుంటే మేడం నా పక్కన నడుస్తూ నెమ్మదిగా అన్నారు. "ఆపరేషనైతే ఇది నీ పదిల్ల లెక్కకు రాదు నాగేశ్. తెలుసు గదా?"

"తెలుసు మేడం."

థియేటరు గుమ్మం దగ్గర సుచిత్ర తల తిప్పి వెతికింది.

"ఓ నర్సూ! ఏడున్నవు? లోపలికి వస్తున్నవా, లేదా?"

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.